అద్దె కొట్టం, ఏడు బర్రెలు, ఒక బ్యాంకు లోను: నా అనుభవం

మాది హైదరాబాద్ శివారు. అలవాటు కొద్దీ శివారు అంటున్నా గానీ ఇప్పుడది పక్కా సిటీనే. మా నాయన ఇక్కడ కొట్టం వేసినప్పుడు చుట్టూ జొన్న చేలు, తుమ్మ చెట్లు ఉండేవి, ఇప్పుడు మా గోడకు ఆనుకునే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. డెయిరీలు ఇళ్లకు కనీసం 200 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల్లో రాశారని వాళ్ల సెక్రటరీ ఒకసారి ఫోన్లో చూపించాడు. మేం మీ దగ్గరికి రాలేదు సార్, మీరే మా దగ్గరికి వచ్చారు అన్నాను. ఆయనకూ నవ్వొచ్చింది. వాళ్లింటికి రోజూ లీటరు పాలు మా దగ్గర్నుంచే పోతాయి మరి.

నేల మాది కాదు, నెలకు పది వేలు అద్దె. ఏడు బర్రెల్లో ఎప్పుడు చూసినా ఓ అయిదు పాలమీద ఉంటాయి, రెండు ఒట్టిపోయో చూడితోనో ఉంటాయి. 2023లో రెండు పూటలూ కలిపి ముప్పై ఎనిమిది లీటర్ల దాకా వచ్చేవి, లీటరు ఎనభైకి పోసేవాణ్ణి, అంటే రోజుకు మూడు వేలు. దాణా, గడ్డి పదిహేను వందలు. పనిచేసే భార్యాభర్తలకు నెలకు ఇరవై వేలు. అద్దె, కరెంటు, నీళ్ల ట్యాంకరు, మందులు పోను చేతికి మిగిలేది మూడు నాలుగు వందలు, అదీ అన్నీ బాగుంటే. ఒక్క బర్రెకు పొదుగువాపు వచ్చిందంటే ఆ వారం మొత్తం మైనస్.

అసలు బాధ ఇది కూడా కాదు, అడ్వాన్సు. మా ఏరియాలో ఒక మిఠాయి దుకాణం ఆయన అంతకు రెండేళ్ల ముందు లక్ష ఇచ్చాడు, మిత్తి లేకుండా. మిత్తి లేదని మురిసిపోయాను గానీ షరతేంటంటే, బాకీ తీరేదాకా రోజుకు పదిహేను లీటర్లు ఆయనకే పోయాలి, అదీ అరవైకి. లీటరుకు ఇరవై చొప్పున రోజుకు మూడు వందలు పోతున్నట్టు. నెలకు తొమ్మిది వేలు! పైన చెప్పిన మూడు వేల లెక్క ఈ కోత లేకుండా వేసింది, కోత తీసేస్తే నా కష్టానికి మిగిలేది వట్టిదే. ఇంకో దారి చూద్దామంటే బయట నూటికి మూడు రూపాయల మిత్తి. అందుకే కిసాన్ క్రెడిట్ కార్డు (కేసీసీ) కోసం పోయాను, రైతులకు తక్కువ వడ్డీకి బ్యాంకు ఇచ్చే అప్పు అది.

పాడికి కూడా కేసీసీ ఇస్తారని నాకు చెప్పింది మా గోపాలమిత్ర, అంటే పశువులకు చూడి కట్టే సూదులు వేసే అతను, మా బర్రెకు సూది వేయడానికి వచ్చినప్పుడు. ఆయన చెప్పేదాకా అది పొలం ఉన్నోళ్లకే అనుకునేవాణ్ణి. బ్యాంకులో కౌంటర్ దగ్గర మేడం కూడా అలాగే అనుకుంటున్నట్టుంది, మొదటి మాటే "పాస్‌బుక్ తెచ్చావా?" అంది. బ్యాంకు పాస్‌బుక్ తీసి ఇచ్చాను. అది కాదు, పట్టాదారు పాస్‌బుక్ అంది. భూమి లేదు మేడం, బర్రెలున్నాయి అంటే, అయితే కొట్టం స్థలం కాగితాలు తెమ్మంది. అది అద్దెది అనగానే ఫారం వెనక్కి జరిపేసింది. టైం పదకొండున్నర. తెల్లారుజామున మూడింటికి లేచి పాలు పిండి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తే రెండు నిమిషాల్లో అయిపోయింది.

డిగ్రీ చదివే మా అక్క కొడుకు పొద్దున కాలేజీకి పోయేముందు మా పాలు స్కూటీ మీద వేస్తాడు. వాడు ఆ రాత్రి కూర్చుని రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ వెతికి తీశాడు. 2019 ఫిబ్రవరి 4 నాటిది. పశుపోషణకు, చేపల పెంపకానికి కేసీసీ ఇవ్వాలని బడ్జెట్‌లో చెప్పాక బ్యాంకులకు పంపించిన సర్క్యులర్ అది. అందులో పాడి రైతుల గురించి రాసినచోట "ఓన్డ్, రెంటెడ్, లీజ్డ్ షెడ్స్" అని స్పష్టంగా ఉంది, అంటే సొంతదైనా, అద్దెదైనా, లీజుదైనా సరే. నేను ఆ లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి నాలుగు జిరాక్సులు తీయించాను. ఈసారి కౌంటర్ దగ్గర ఆగకుండా నేరుగా ఫీల్డ్ ఆఫీసర్ దగ్గరికి పోయాను. ఆయన చదివి, "ఉంది కదా" అన్నాడు. అంతే, గొడవేం లేదు, నేను రాత్రంతా తయారుచేసుకున్న డైలాగులన్నీ వేస్ట్.

అక్కడే ఇంకో దెబ్బ తగిలింది. నేను ఈ డబ్బుతో రెండు ముర్రా జాతి బర్రెలు కొందామనుకున్నా. ఇది కొనడానికి కాదయ్యా, దాణాకి, మందులకి, కూలీకి, కరెంటుకి, అంటే నడపడానికి ఇచ్చేది అన్నాడు ఆయన. బర్రెలు కొనాలంటే టర్మ్ లోన్ వేరే, దానికి మళ్లీ ప్రాజెక్టు రిపోర్టు గోల వేరే. కాసేపు మనసు కూలబడింది గానీ, దాణా ఉద్దెర లేకపోతే నాకు అడ్వాన్సుల అవసరమే ఉండదు కదా అని లెక్క వేసుకున్నాక సరే అన్నాను. మీరు అడగబోయేముందే చెప్తున్నా, ఇది చాలామంది పొరబడే చోటు.

తరవాత కాగితాలు. ఆధార్, పాన్, ఫోటోలు సరే. అద్దె ఒప్పందం మాకు ఎప్పుడూ నోటిమాటే. యజమానికి "రాసిస్తే స్థలం నాదంటాడేమో" అని భయం, పదకొండు నెలలకే రాయిస్తానని ఒప్పించడానికి రెండు వారాలు, రెండు లీటర్ల జున్నుపాలు పట్టాయి. వ్యాపారం చేస్తున్నట్టు ఏదైనా ఆధారం అన్నారు, ఫుడ్ సేఫ్టీ వాళ్ల రిజిస్ట్రేషన్ చేయించాను, ఏడాదికి వంద రూపాయలే, మీసేవ పక్కన ఉన్న నెట్ సెంటర్ అతను మాత్రం మూడు వందలు తీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో పాలమ్ముతున్నాం, "పాల వ్యాపారం" అని ముద్ర ఉన్న కాగితం మా ఇంట్లోకి రావడం అదే మొదటిసారి.

అన్నింటికంటే తిప్పలు పెట్టింది చెవి పోగులు. పశువుల డాక్టర్ సర్టిఫికెట్‌లో ప్రతి బర్రె చెవి ట్యాగు నంబరు ఉండాలి, ఆ పసుపు ప్లాస్టిక్ బిళ్ల మీద పన్నెండు అంకెలు. మావాటికి దాని మీద పెండ ఎండి గట్టిపడిపోయింది, సబ్బునీళ్లతో, కొబ్బరి పీచుతో రుద్దితే గానీ నంబరు కనపడలేదు. అయిదు సరిగ్గా ఉన్నాయి. ఒకదానికి ట్యాగే లేదు, కట్టుకొయ్యకు రాసుకుని రాసుకుని ఎప్పుడో తెంపేసుకుంది, చెవి చివర చీలిక మిగిలింది. ఇంకోటి హర్యానా నుంచి వచ్చిన బర్రె, వ్యాపారి దగ్గర కొన్నది. డాక్టర్ సార్ నంబరు కొట్టి, స్క్రీన్ చూసి, బర్రెను చూసి, మళ్లీ స్క్రీన్ చూశాడు. ఆన్‌లైన్‌లో అది ఆవు! యజమాని ఎక్కడో ఎవరో. నల్లగా నిగనిగలాడుతూ, చుట్టు తిరిగిన కొమ్ములతో నా ముర్రా అక్కడే నిలబడి నెమరు వేస్తోంది, కాగితం ప్రకారం అది నాదీ కాదు, బర్రే కాదు. ఎక్కడ తప్పు కొట్టారో గానీ సరిచేయించడానికి తొమ్మిది రోజులు తిరిగాను. ట్యాగు లేనిదానికి రెండో చెవికి కొత్తది వేశారు. పెద్ద పంచింగ్ మెషీన్ లాంటి పట్టకారుతో "టక్"మని ఒక్క నొక్కు, నేను ముకుతాడు పట్టుకుని నిలబడ్డాను. కోపమో నొప్పో, ఆ పూట చేపలేదు, అంటే పాలు సరిగ్గా దింపలేదు. రెండున్నర లీటర్లు తక్కువ. మర్నాటికి మామూలైంది.

ఫీల్డ్ ఆఫీసర్ కొట్టం చూడటానికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. బూట్లకు పెండ అంటకుండా ఇటుక మీద ఇటుక చూసుకుని నడిచాడు పాపం. బర్రెలను లెక్కపెట్టి, ఫోటోలు తీసి, "ఎంతమందికి పని ఉంటుంది ఇక్కడ?" అని అడిగాడు. నాతో కలిపి ముగ్గురం సార్ అన్నాను. దాణా కలుపుతున్న మా ఆవిడ అక్కడ్నుంచే అందుకుంది. "నన్ను లెక్కపెట్టవా? దూడలు చూసేదెవరు, పాల లెక్క రాసేదెవరు?" నేను నోరు మూసుకున్నాను, ఆమే చెప్పుకుంటూ పోయింది. బీహార్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, అతను పిండుతాడు, ఆమె కొట్టం కడుగుతుంది. స్కూటీ మీద పాలు వేసే పిల్లాడు. రోజూ పొద్దున ఆరింటికి పచ్చిగడ్డి ఆటో తెచ్చే అన్న, ఆయన మాలాంటి కొట్టాలు ఎనిమిదింటికి వేస్తాడు. వారానికోసారి ట్రాక్టర్‌లో పెండ ఎత్తుకుపోయి నర్సరీలకు అమ్ముకునే మనిషి. దాణా దుకాణం హమాలీ, బస్తాకు పది రూపాయలు ఇస్తాం. ఆఫీసర్ అన్నీ ఓపికగా విని ఫారంలో "4" అని రాసుకున్నాడు. సిటీలో బర్రెలెందుకు, ప్యాకెట్ పాలు ఉన్నాయి కదా అనేవాళ్లకు నేను ఎప్పుడూ సరైన జవాబు చెప్పలేకపోయాను, మా ఆవిడ ఆ రోజు దాణా చేత్తోనే చెప్పేసింది.

మొత్తం జూలైలో మొదలుపెడితే అక్టోబర్ చివర్లో మంజూరైంది, బర్రెకు ఇరవై వేల చొప్పున లక్షా నలభై వేలు. అప్పట్లో లక్షా అరవై వేల దాకా తాకట్టు అడగకూడదని రూలు, 2025 జనవరి నుంచి దాన్ని రెండు లక్షలు చేశారు. ఏడు శాతం వడ్డీ, టైంకి కట్టేస్తే మూడు శాతం తిరిగొస్తుంది, అంటే నాలుగే. ఏడాదికి అయిదు వేల ఆరు వందలు. అదే బయట మూడు రూపాయల మిత్తికైతే యాభై వేలు దాటేది.

చేసిన మొదటి పని, వరికోతలు అవుతుండగానే ఏడాది గడ్డి ఒకేసారి కొనడం. కోతలప్పుడు కట్ట ఎనభైకి దొరికింది, ఎండాకాలం చివర్లో అదే కట్టకు నేను నూటయాభై పెట్టినవాణ్ణి. దాణా కూడా చేతిలో డబ్బు పెట్టి కొనేసరికి దుకాణం అతను బస్తాకు నలభై తగ్గించాడు, ఇన్నేళ్లూ ఉద్దెర పేరుతో ఎంత వేశాడో అప్పుడు తెలిసింది. ఇలా మిగిలిందంతా మిఠాయి దుకాణం ఆయనకు కడుతూ పోయాను. ఎనిమిది నెలలకు బాకీ తీరింది. ఆయన కోప్పడలేదు, ఇప్పటికీ పది లీటర్లు తీసుకుంటాడు, డెబ్బై అయిదుకి.

మొన్న మా దగ్గర పిండే అతను సాయంత్రం పాలు అయ్యాక చేతులు కడుక్కుంటూ, భయ్యా, ఇది నాకూ ఇస్తారా అని అడిగాడు. వాళ్ల ఊళ్లో రెండు బర్రెలున్నాయట, తమ్ముడు చూసుకుంటాడు, కొట్టం పెద్దనాయన వాళ్లది. ఇక్కడి బ్యాంకులో అయితే కుదరదు, ఆధార్ అక్కడిది, బర్రెలూ అక్కడే. ఛఠ్ పండక్కి ఊరెళ్లినప్పుడు అక్కడ అడుగుతానన్నాడు. నా దగ్గర ఇంకా ఒక జిరాక్సు మిగిలి ఉంటే ఇచ్చాను, ఎర్ర గీత ఉన్నది. అతనికి ఇంగ్లీషు రాదు. నాలుగు మడతలు పెట్టి ఆధార్ కార్డు వెనకాల దోపుకున్నాడు.