ఆదివారం మాత్ర

సోరియాసిస్ అనే చర్మవ్యాధి నాకు మోచేతి మీద గోరంత మచ్చతో మొదలైంది. రెండేళ్లలో మోకాళ్లకీ, వీపుకీ, తలకీ పాకింది. పొద్దున లేచి దుప్పటి దులిపితే తెల్లటి పొలుసులు రాలేవి. పూతమందులు సరిపోక, డాక్టరమ్మ మెథోట్రెక్సేట్ రాశారు, రోగనిరోధక వ్యవస్థ దూకుడును అణిచే మాత్ర.

చీటీ మీద ‘ఆదివారం’ అని రాసి, దాని చుట్టూ రెండుసార్లు గీత గీశారు. ఈ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పి, డబ్బా మీద కూడా రాసిపెట్టాను. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర వేరే రోజున. మద్యం ముట్టకూడదు. కడుపులో బిడ్డకు హాని చేసే మందు కాబట్టి, పిల్లల ఆలోచన ఉంటే చాలా ముందే చెప్పమన్నారు. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో వెంటవెంటనే, తర్వాత రెండు మూడు నెలలకోసారి.

సోమవారాలు వికారంగా గడిచేవి. నెల దాటినా మార్పు లేదు. రెండు మూడు నెలలు పడుతుందని ముందే చెప్పారు గనక ఆగాను, లేకపోతే అప్పుడే మానేసేదాన్ని. ముందు పొలుసు తగ్గింది, తర్వాత మందం. నల్లటి మరకలు మాత్రం మిగిలాయి. జబ్బు పోలేదని నేను దిగులుపడితే, ఆవిడ నా చెయ్యి పట్టుకుని మోచేతి మీద నిమిరించారు. నున్నగా ఉంది. ‘కంటితో కాదమ్మా, వేలితో చూసుకో. రంగు మెల్లగా పోతుంది’ అన్నారు.

ఎనిమిదో నెలకి ఒళ్లంతా శుభ్రపడింది. అప్పుడు నేను చేసిన తప్పు ఇది: ఎవరికీ చెప్పకుండా మందు ఆపేశాను. ఆరోగ్యంగా ఉన్న ఒంటికి అంత బలమైన మాత్ర ఎందుకు అనిపించింది. నాలుగు నెలలకి మచ్చ తిరిగొచ్చింది. అదే మోచేయి, అదే చోటు.

డాక్టరమ్మ కోప్పడలేదు. మానిన చర్మంలో కూడా ఆ జబ్బును గుర్తుపెట్టుకున్న రోగనిరోధక కణాలు కొన్ని ఉండిపోతాయని, అందుకే పాతచోటే మళ్లీ రేగుతుందని చెప్పారు. ఆ మాట నాకు మొదటిరోజే తెలిసుంటే బాగుండేది. జబ్బు అణిగి ఉండటం వేరు, పూర్తిగా పోవటం వేరు అని ఏ చీటీ మీదా రాసి లేదు మరి.

మందు మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి చర్మం శుభ్రపడ్డాక ఏడాదిపాటు అదే మోతాదు వాడాను. ఆ తర్వాతే, పరీక్షలు చూసుకుంటూ ఆవిడ కొంచెం కొంచెంగా తగ్గించారు. ప్రతి తగ్గింపు తర్వాతా మూడు నెలలు ఆగి చూశాం. వేళ్ల కీళ్లు పొద్దున బిగుసుకుంటున్నాయా అని ప్రతిసారీ అడిగేవారు, ఈ జబ్బు కొందరికి కీళ్లలోకి దిగుతుంది కాబట్టి.

ఇప్పుడు మొదటి మోతాదులో మూడోవంతు మిగిలింది. స్నానం చేస్తూ రోజూ మోచేతి మీద వేలు పెట్టి చూసుకుంటాను. ఈ ఉదయం కూడా నున్నగానే తగిలింది.