తోతాపురి తోట, గిడెన్స్ సిద్ధాంతం

చిత్తూరు దగ్గర మా చిన్నాయన తన నాలుగెకరాల్లో వేరుశనగ మాని తోతాపురి మామిడి నాటినప్పుడు, అది పూర్తిగా తన నిర్ణయమేనని చెప్పుకున్నాడు. అయితే జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీలు ప్రధానంగా కొనేది ఆ రకాన్నే కాబట్టి, ఆయన ఎంచుకున్నాడనాలో, ఎంపిక ముందే జరిగిపోయిందనాలో నాకు చాలాకాలం తేలలేదు.

సమాజ శాస్త్రంలో ఇది పాత ప్రశ్నే. వ్యక్తికి వెలుపల ఉండి అతణ్ణి కట్టడి చేసే సామాజిక వాస్తవాల గురించి ఫ్రెంచ్ సమాజ శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1895లో రాశారు. జర్మన్ సమాజ శాస్త్రవేత్త మాక్స్ వెబర్ మాత్రం మనుషులు తమ చర్యలకు ఇచ్చుకునే అర్థం నుంచి మొదలుపెట్టారు. ఈ రెండింటినీ, అంటే మనిషిని కట్టడి చేసే సామాజిక నిర్మాణాన్నీ మనిషి చర్యనూ, విడదీయరాదని 1984లో బ్రిటిష్ సమాజ శాస్త్రవేత్త ఆంథొనీ గిడెన్స్ వాదించారు. ఆయన దృష్టిలో సామాజిక నిర్మాణం మన చర్యకు అడ్డూ, ఆసరా కూడా. పైగా మన చర్యల వల్లనే అది మళ్ళీ మళ్ళీ నిలబడుతుంది. చిన్నాయన వంటివారు తోతాపురి నాటడం వల్లనే ఫ్యాక్టరీలకు సరుకు అందుతోంది, ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టే పక్క రైతూ అదే నాటుతున్నాడు. (నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుందన్న సంగతి మాత్రం ఈ వాదనలో ఇమడదు.)

మరో బ్రిటిష్ సమాజ శాస్త్రవేత్త మార్గరెట్ ఆర్చర్ పట్టుకున్నది సరిగ్గా ఆ కాలవ్యవధినే. నిన్నటివారి చర్యల ఫలితమైన నిర్మాణం నేటి మనిషికి ముందుగానే ఎదురవుతుందనీ, రెండింటినీ కలిపేస్తే ఏది దేన్ని మార్చిందో చెప్పలేమనీ ఆమె విమర్శించారు. నాకు ఆమె మాటే సబబనిపిస్తుంది. ధర పడిపోయిన ఏడాది చిన్నాయన తోట కొట్టేయలేదు. కొన్ని చెట్ల కొమ్మలు నరికించి, వాటికి బేనీషా (బంగినపల్లి మామిడి) అంట్లు కట్టించాడు. నిన్న నాటిన చెట్లు ముందే ఎదురుగా ఉన్నాయి, ఆయన మార్చగలిగింది వాటి మీద నుంచే.