ఆకలి, ప్రపంచీకరణ: బియ్యం వెంట నడిచిన నా ప్రిపరేషన్

మిత్రులారా, సివిల్స్ మెయిన్స్ సిలబస్‌లో సహజ వనరుల పంపిణీ ఒక పేపర్‌లో, పేదరికం, ఆకలి మరొక పేపర్‌లో, ఆహార భద్రత, సబ్సిడీలు ఇంకొక పేపర్‌లో ఉండటం వల్ల చాలామంది వీటిని వేర్వేరు నోట్సుల్లో రాసుకుంటారు. నేను మాత్రం ఒకే సరుకును, బియ్యాన్ని, పట్టుకుని అన్నింటినీ కలిపి చదివాను. పేజీని నిలువునా గీసి ప్రపంచీకరణ లాభాలు ఒకవైపు, నష్టాలు మరొకవైపు రాసుకుంటే ఎవరి లాభం ఎవరికి నష్టమైందో తెలియదు. సరుకు వెంట వెళితే తెలుస్తుంది.

ముందుగా కరీబియన్ దేశమైన హైతీని చదవండి. 1980ల దాకా తనకు కావలసిన బియ్యంలో అధిక భాగాన్ని తానే పండించుకున్న ఆ దేశం, అమెరికా, అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒత్తిడితో 1995లో బియ్యంపై దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించింది. సబ్సిడీలతో పండిన అమెరికా బియ్యం చవకగా వచ్చి పడటంతో అక్కడ వరి పండించే ఆర్టిబోనైట్ లోయ రైతులు పోటీకి నిలవలేకపోయారు. పట్టణ పేదలకు కొన్నేళ్లపాటు బియ్యం చవకగా దొరికిన మాట నిజం, జవాబులో ఆ మాటా రాయాలి. అయితే 2008లో ప్రపంచ ధరలు భగ్గుమన్నప్పుడు వారికి కొనే శక్తి లేదు, ఆదుకునేందుకు సొంత పంటా మిగలలేదు. జనం వీధుల్లోకి వచ్చారు, ఏప్రిల్‌లో సెనేట్ ప్రధానమంత్రిని తొలగించింది. సుంకం తగ్గింపజేసిన ఆ విధానం పొరపాటేనని, 1995లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ 2010లో స్వయంగా ఒప్పుకున్నారు. మార్కెట్లో తిండి ఉన్నా కొనే శక్తి లేక మనిషి పస్తులుండవచ్చని 1943 బెంగాల్ కరువు ఆధారంగా అమర్త్యసేన్ చెప్పిన విషయాన్ని ఇక్కడ జోడిస్తే జవాబుకు బలం వస్తుంది.

తర్వాత మన దేశానికి రండి. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనదే, కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు ఓడలు వెళుతుంటాయి. కిలో బియ్యం పండాలంటే వేల లీటర్ల నీరు కావాలి కనుక, పంజాబ్‌లో ఉచిత విద్యుత్తుతో తోడిన భూగర్భ జలం కూడా ఆ బస్తాల్లోనే, లెక్కకు రాకుండా, దేశం దాటుతోంది. వనరుల పంపిణీ ప్రశ్నకు నాకు తెలిసి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 2023 జూలైలో బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించినప్పుడు అమెరికాలోని మనవాళ్లు సోనామసూరి కోసం దుకాణాల ముందు వరుస కట్టడం అందరం చూశాం. కానీ అసలు దెబ్బ దిగుమతి బియ్యంపై బతికే ఆఫ్రికా పేదలది. దేశీయ ధరలను అదుపులో ఉంచడం ప్రభుత్వ బాధ్యతే అయినా, ఆ నిర్ణయపు భారం ఎవరి కంచంపై పడిందో రాయకుండా వదలకండి.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) గురించి గుర్తుంచుకోవలసింది ఇదీ: మన మద్దతు ధర సబ్సిడీని నేటికీ 1986–88 నాటి ధరలతో పోల్చి లెక్కిస్తున్నారు, అందుకే అది పరిమితి దాటినట్టు కనిపిస్తుంది. పరిమితి దాటినా ఇతర దేశాలు మనపై ఫిర్యాదుకు వెళ్లకుండా 2013 బాలి సమావేశంలో దక్కిన ‘శాంతి నిబంధన’ తాత్కాలిక రక్షణే.

బియ్యం పూర్తయ్యాక పామాయిల్‌ను ఇలాగే చదవండి. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా ఎగుమతులు ఆపినప్పుడు, వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే మనం హైతీ నిలబడిన వైపే నిలబడ్డాం. బియ్యం విషయంలో తలుపు మూసే దేశం నూనె విషయంలో తలుపు తట్టే దేశమెలా అయిందో 250 పదాల్లో రాసి చూడండి.