బొటిక్ నష్టం, జీతం మీద ట్యాక్స్

ఈసారి బొటిక్‌లో లక్షా ఎనభై వేలు నష్టం. పోనీలే, జీతం మీద ట్యాక్స్ అయినా తగ్గుతుందని అందరూ ఓదార్చారు. డల్లాస్‌లో ఉండే అన్నయ్య కూడా అదే మాట. అక్కడ సొంత వ్యాపారంలో నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవచ్చట. కాకపోతే అది నిజంగా లాభం కోసం నడిపే వ్యాపారమై ఉండాలి. సరదా వ్యాపకం అని తేలితే ఒప్పుకోరు.

మన దగ్గర ఆ ముచ్చట లేదు. వ్యాపార నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేయడానికి వీల్లేదు. ఎఫ్‌డీ వడ్డీ, ఇంటి అద్దె లాంటి వాటితో చేసుకోవచ్చు. నాకు వడ్డీ 42,000 వచ్చింది, అది తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన 1,38,000 ఎనిమిదేళ్ల దాకా ముందుకు వెళ్తుంది, అదీ గడువులోపు రిటర్న్ వేస్తేనే. అలా వెళ్లిన నష్టాన్ని ఆ ఏళ్లలో వచ్చే వ్యాపార లాభంలోంచే తీయాలి. అంటే ముందు లాభం రావాలి కదా!

ఆడిటర్ గారు కుట్టు మిషన్ల బిల్లులు చూసి, ఖరీదంతా ఒకేసారి ఖర్చు కింద రాయకూడదు, ఏటా 15 శాతం తరుగుదల అన్నారు. జర్దోసీ, పూసలు, లైనింగ్ బట్ట బిల్లులు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. మగ్గం మాస్టర్ కూలి రాసిన నోట్‌బుక్ దగ్గర ఆగి, "దీని మీద సంతకాలేవమ్మా?" అన్నారు.

మాస్టర్‌ని అడిగితే నవ్వి, "నా సంతకం మీ జాకెట్ మీదే ఉంది మేడమ్" అన్నాడు. వోచర్ పుస్తకం మాత్రం కొన్నాను.