ఒక మేకు తక్కువ

రెండో ఆట అయి గంటన్నర దాటింది. చమ్కీలు ఊడిన జాకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానే గానీ సూదిలో దారం కూడా ఎక్కించలేదు. పొద్దున్నుంచీ బుర్రలో ఒకటే లెక్క. 126కి 125.

మా ఆయన లెక్కల పిచ్చి మీకు కొత్త కాదు. మా సర్కస్ డేరా దించిన ప్రతిసారీ ఇనప మేకులన్నీ పీకించి, లారీ పక్కన పదేసి చొప్పున పేర్పించి, వేలు పెట్టి మరీ లెక్కపెడతాడు. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు. మొన్న రాత్రి మాత్రం వాన, చీకటి, హడావుడి. లెక్కపెట్టకుండానే లారీ ఎక్కించేశారు. ఇవాళ కొత్త మైదానంలో దించి చూస్తే ఒకటి తక్కువ. ఇంకేముంది, కొత్తగా చేరిన కుర్రాడి మీద పడ్డాడు. అదీ నలుగురి ముందు. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా?" అని ఒకటి, "నీకిదంతా ఆటలా ఉందా?" అని ఇంకొకటి. సర్కస్‌లో పనిచేసేవాణ్ణి పట్టుకుని ఆ మాట అనడం ఈయనకే చెల్లింది.

వాడు సమ్మెట పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. అరచేతిలో బొబ్బ చితికి ఉంది. నాలుగడుగుల దూరంలో నేను బకెట్లో నీళ్ళు పట్టుకుంటున్నాను. నోరెత్తలేదు.

ఎత్తాల్సింది. ఆ మేకు ఎక్కడుందో నాకు తెలుసు. పోయిన ఊళ్ళో, మా బండి నిలిపిన చోట, వెనకాల ఉంది. నా బట్టల తాడు కోసం వేసిన మేకు అది.

అక్కడున్నన్నాళ్ళూ ముసురే కదా. రోజుకు రెండు ఆటలు, ఆటకి రెండు మూడు జతలు, అన్నీ చెమటతో పిండితే కారేలా ఉంటాయి. ఎండలో పడేస్తే సాగే బట్ట సాగుడు పోతుంది, చమ్కీలు వెలిసిపోతాయి. నీడలో, గాలి తగిలేలా ఆరేయాలి. తాడుకి ఒక కొస బండి కొక్కేనికి కట్టాను, రెండో కొసకి ఏమీ లేదు. "ఆగక్కా" అని ఆ కుర్రాడే పరుగెత్తి ఒక మేకు తెచ్చి నాలుగు దెబ్బల్లో దిగ్గొట్టాడు. వచ్చేటప్పుడు నేను తాడు చుట్టుకుని వచ్చేశాను. మేకు సంగతే మరిచాను.

ఒక్క మేకు కోసం ఇంత రాద్ధాంతమా అని మీరు అనొచ్చు. పొద్దున నేనూ అదే అనుకున్నాను.

కానీ ఆ గాలి రాత్రి గుర్తుంది. చిన్నది నా కడుపులో ఉన్నప్పటి మాట. పాత నార తాళ్ళు తీసేసి కొత్తగా నైలాన్ తాళ్ళు వేసిన సీజన్ అది. నార తాడు తడిస్తే బిగుసుకుంటుంది, అందుకని వాన మొదలవగానే వెళ్ళి వదులు చేయడం పాతవాళ్ళకి చేతికి అలవాటైన పని. నైలాన్ అలా కాదు, తడిస్తే సాగుతుంది. దాన్ని బిగించాలి. అర్ధరాత్రి వాన పడగానే నలుగురు పెద్దవాళ్ళు నిద్రకళ్ళతో వెళ్ళి అలవాటు చొప్పున ముడులు వదులు చేసేశారు. డేరా అంతా ఊగిపోయింది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుందని ఈయన ఎప్పుడూ అంటుంటే పాఠం అనుకునేదాన్ని, ఆ రాత్రి కళ్ళారా చూశాను. నేను టార్చి పట్టుకున్నాను, ఈయన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని బిగిస్తున్నాడు. నా కాలి దగ్గరి మేకు కదిలింది. మెత్తబడ్డ చిగురులోంచి పన్ను ఊడినట్టు, చప్పుడు లేకుండా పైకి వచ్చేసింది. దాని బరువు పక్కదాని మీద పడింది, అదీ ఊడింది. మూడోది ఊడేలోపు ఈయన డేరా దించెయ్యమని అరిచాడు. నిట్రాడలు మిగిలాయి, మనుషులం మిగిలాం. అప్పట్నుంచే ఈ లెక్క.

చూశారా, తిట్టడానికని కూర్చుని వెనకేసుకొస్తున్నాను. ట్రపీజ్ కింద వల తాళ్ళు కూడా ఆ మేకులకే కడతారు. 1859లో పారిస్‌లో జూల్ లియోతార్ మొదటిసారి ఉయ్యాల నుంచి ఉయ్యాలకి దూకినప్పుడు కింద పరుపులేనట. మాకు వల ఉంది, వలకి మేకులున్నాయి, మేకులకి ఈయన ఉన్నాడు.

అయితే లారీలో పది మేకులు అదనంగా ఉన్నాయి! ఆ సంగతి ఈయనకీ తెలుసు. డేరాకి ఏ లోటూ రాలేదు, మధ్యాహ్నం ఆట సమయానికే మొదలైంది. మరి ఆ అరుపులెందుకు? మొన్న లెక్క ఎగ్గొట్టింది తనే, అది ఒప్పుకోలేక. నేనేమన్నా తక్కువ తిన్నానా, నేనూ ఒప్పుకోలేదు.

పాపం, జోకర్ పెద్దాయనే కుర్రాణ్ణి నవ్వించబోయాడు. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ గుర్రం మీద నిలబడి గుండ్రంగా తిప్పిన కథ చెప్పాడు, అలా తిరుగుతుంటే పడిపోకుండా నిలబడగలమని, చివరికి వలయం 42 అడుగులకి కుదిరిందని. మా రింగూ అంతే, నడిమధ్య మేకు కొట్టి 21 అడుగుల తాడుతో సున్నపు గీత గీస్తారు. "గుర్రాలు పోయినా గిరి పోలేదురా" అన్నాడు. కుర్రాడు నవ్వలేదు.

ఆడపడుచు భుజం నొప్పి తగ్గాక ఇవాళే మళ్ళీ ఉయ్యాల ఎక్కింది. బాగా చేసింది. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

సాయంత్రం ఆ కుర్రాడే వచ్చి నా బట్టల తాడు కట్టాడు. మేకు వేయలేదు, రెండో కొస చెట్టుకి కట్టాడు. "గట్టిగానే ఉందక్కా" అన్నాడంతే. అంటే వాడికి గుర్తుంది. పొద్దున అన్ని తిట్లు తింటున్నప్పుడూ గుర్తుంది. ఆ మేకు తల నేల మీద జానెడు పైకుంది, పిల్లలు పరుగెత్తే మైదానం. అది తల్చుకుంటేనే నిద్ర రావట్లేదు.

పడుకునే ముందు ఈయన సణుక్కున్నాడు. "పని రాదు గానీ సెలవు మాత్రం కావాలట. రేపు పొద్దున పోయి మధ్యాహ్నం ఆటకి వచ్చేస్తాడట" అని. సరేలే అన్నాను, పట్టించుకోలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే తడుతోంది. దిగి ఒక్కరోజు కాని ఈ ఊళ్ళో వాడికెవరున్నారు? పోయిన ఊరు బస్సులో గంటన్నర.

మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.