జెట్టీ పైలింగ్: చూపు ఆనేంత దూరంలోనే శబ్దం ఆగాలి

జెట్టీకో రేవు గోడకో పైల్స్ (నేలలోకి దిగగొట్టే పునాది స్తంభాలు) దింపుతుంటే సైట్లో కనబడేది క్రేన్, హ్యామర్, బార్జ్ మాత్రమే. నీటి కింద జరిగేది కనబడదు. స్టీల్ పైపు మీద పడిన ప్రతి దెబ్బా పైపు గోడ వెంట కిందికి పరుగెత్తి, చుట్టూ ఉన్న నీటినీ అడుగున ఉన్న మట్టినీ కదిలిస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. డాల్ఫిన్లు, పోర్పాయిస్‌లు (డాల్ఫిన్ లాంటి చిన్న జంతువులు), తిమింగలాలు ఆ నీటిలో దారినీ మేతనూ పిల్ల జాడనూ చెవితోనే పట్టుకుంటాయి. సీల్స్ వినికిడీ నీటిలో గట్టిదే. ఆ చెవి పాడైతే ఆ జంతువుకు బతుకుతెరువు పోయినట్టే. చెవి పాడవకపోయినా, భయపడి మేత వదిలేసి పోవడం చిన్న నష్టమేమీ కాదు. పోర్పాయిస్ లాంటి చిన్న జంతువు చల్లటి నీటిలో ఒంటి వేడి నిలుపుకోవాలంటే దాదాపు రోజంతా వేటాడుతూనే ఉండాలి.

అపాయాన్ని రెండుగా విడగొట్టి చూడాలి: వినికిడికి శాశ్వతంగా దెబ్బ తగలడం ఒకటి, చెదిరిపోవడం ఇంకొకటి. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల పరిరక్షణ చట్టం కింద వీటిని లెవల్ ఏ, లెవల్ బీ అంటారు. చెదిరిపోవడానికి అక్కడ వాడే హద్దులు ఇవి: ఇంపాక్ట్ హ్యామర్ లాంటి దెబ్బల శబ్దానికి 160 డెసిబెళ్ళు, వైబ్రో హ్యామర్ (కొట్టకుండా వణికిస్తూ పైల్‌ను దింపే యంత్రం) లాంటి ఎడతెగని శబ్దానికి 120. రెండూ ఆర్‌ఎంఎస్ విలువలు, అంటే శబ్దం ఉన్నంతసేపటికీ ఒకరకం సగటు.

ఈ అంకెలను గాలిలోని డెసిబెళ్ళతో పోల్చకూడదు. నీటిలో లెక్క 1 మైక్రోపాస్కల్‌తో మొదలవుతుంది, గాలిలో 20 మైక్రోపాస్కళ్ళతో. ఆ ఒక్క తేడాకే 26 డెసిబెళ్ళు మారతాయి. రిపోర్టులో అంకె ఉండి, రిఫరెన్స్ ఏదో, అది పీకో (శబ్దం చేరిన అత్యధిక విలువ) ఆర్‌ఎంఎస్సో ఎస్‌ఈఎల్లో (శబ్దపు మొత్తం శక్తి లెక్క), ఎంత దూరంలో కొలిచారో రాయకపోతే ఆ అంకెను పక్కన పెట్టేయాలి. పీక్ విలువను ఆర్‌ఎంఎస్ అనుకుని, శబ్దం హద్దు దాటే మేర పైల్ చుట్టూ వలయం గీస్తే వలయమే తప్పు.

ఇప్పుడు వలయం ఎలా వస్తుందో చూద్దాం. 24 అంగుళాల స్టీల్ పైపును ఇంపాక్ట్ హ్యామర్‌తో కొడితే 10 మీటర్ల దగ్గర సుమారు 190 డెసిబెళ్ళ ఆర్‌ఎంఎస్ ఉంటుంది. లోతు తక్కువ ఉన్న తీరంలో, వేరే కొలత లేనప్పుడు, వాడుకలో ఉన్న సూత్రం 15 లాగ్ ఆర్: దూరం రెట్టింపైన ప్రతిసారీ 4.5 డెసిబెళ్ళు, పది రెట్లయితే 15 డెసిబెళ్ళు తగ్గుతాయి. 190 నుంచి 160కి రావాలంటే 30 తగ్గాలి, అంటే దూరం వంద రెట్లు కావాలి. 10 మీటర్లకు వంద రెట్లు, కిలోమీటరు.

వైబ్రో హ్యామర్ అయితే 10 మీటర్ల దగ్గర 165 ఉంది అనుకోండి. వినడానికి ఎంతో మెత్తన. కానీ దాని హద్దు 120. తగ్గాల్సింది 45 డెసిబెళ్ళు, దూరం వెయ్యి రెట్లు. వలయం 10 కిలోమీటర్లు! వైబ్రో వాడుతున్నాం కాబట్టి జంతువులకు ఇబ్బంది లేదనే మాట చాలాచోట్ల వినబడుతుంది. అది సగమే నిజం. వినికిడికి దెబ్బ తగిలే వలయం బాగా తగ్గుతుంది, అందుకే వైబ్రో మేలు. చెదిరిపోయే వలయం మాత్రం పెరుగుతుంది. అడ్డంగా తీరపు ఒంపో బ్రేక్‌వాటరో (అలల్ని ఆపే గోడ) ఉంటే శబ్దం అక్కడ ఆగుతుంది కాబట్టి మ్యాప్ మీద అసలు ఆకారం గీసుకోవాలి, గుండ్రటి వలయాన్ని నమ్ముకోకూడదు.

పది కిలోమీటర్ల నీటికి కాపలా కాయడం ఏ పరిశీలకుడి వల్లా కాదు. ఈ పనిలో మాకున్న గట్టి అభిప్రాయం ఇదే: ముందు శబ్దాన్ని తగ్గించి వలయాన్ని చూపు ఆనేంతకు తేవాలి, ఆ తర్వాతే మనుషుల్ని నిలబెట్టాలి. చాలా సైట్లలో ఇది తిరగబడుతుంది. డిజైన్ అంతా అయిపోయాక, హ్యామర్ అద్దెకు వచ్చాక, ఇద్దరికి బైనాక్యులర్లు ఇచ్చి కాపాడమంటారు.

తగ్గించే దారులు డిజైన్ దశలోనే మొదలవుతాయి. పైల్ సంఖ్య, వ్యాసం తగ్గించగలమా? ఆటుపోట్ల మధ్య నీళ్ళు దిగిన వేళ, ఆరిన నేలలో కొట్టగలిగే పైల్స్ ఎన్ని? వైబ్రోతో చివరిదాకా దింపి, మోసే బలం చూసుకోవడానికి మాత్రం ఇంపాక్ట్‌తో కొద్ది దెబ్బలు కొడితే చాలా? రాతి నేలలో గాలితో నడిచే డౌన్ ద హోల్ డ్రిల్లు వాడితే నిశ్శబ్దంగా ఉంటుందనుకోకండి. అది తిరుగుతూ కొడుతుంది కాబట్టి అమెరికా నియంత్రణ సంస్థ దాన్ని ఎడతెగని శబ్దంగానూ దెబ్బల శబ్దంగానూ రెండు విధాలా లెక్కిస్తుంది.

వినికిడి దెబ్బతినే లెక్కలో రోజంతా పడిన దెబ్బల శక్తి కూడుతుంది. వెయ్యి దెబ్బలకు ఒక్క దెబ్బ విలువ మీద 30 డెసిబెళ్ళు కలుస్తాయి. రోజుకు కొట్టే దెబ్బలు సగానికి తగ్గిస్తే 3 డెసిబెళ్ళు పోయి, వలయం వ్యాసార్థం 63 శాతానికి వస్తుంది. రోజుకు నాలుగు పైల్స్ బదులు రెండే దింపడం అన్న చిన్న నిర్ణయం కొన్ని పరికరాల కంటే ఎక్కువ పని చేస్తుంది. ఈ లెక్కకు జంతువుల గుంపును బట్టి వేర్వేరు హద్దులున్నాయి. అమెరికాలో వాటిని 2024లో సవరించారు. సీ లయన్ల గుంపుకు దెబ్బల శబ్దపు హద్దు 203 నుంచి 185 డెసిబెళ్ళకు దిగింది. పాత పట్టికతో గీసిన వలయం ఉంటే మళ్ళీ గీయాల్సిందే.

ఇక బుడగల తెర. పైల్ చుట్టూ అడుగున చిల్లుల పైపును రింగులా పరిచి, కంప్రెసర్‌తో గాలి పంపుతారు. పైకి లేచే బుడగల గోడ శబ్దాన్ని కొంత మింగుతుంది, కొంత వెనక్కి తిప్పుతుంది. దీన్నుంచి ఎంత ఆశించాలి? 1996లో హాంకాంగ్‌లో విమాన ఇంధనం దించుకునే రేవు కడుతూ, అక్కడి తెల్ల డాల్ఫిన్ల కోసం బుడగల తెర పెట్టి కొలిచినప్పుడు మొత్తం మీద తగ్గింది 3 నుంచి 5 డెసిబెళ్ళు. ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర తగ్గుదల ఇంకా మెరుగ్గా ఉంది. ఇప్పటికీ అమెరికా అనుమతుల్లో చాలావాటిలో 5 డెసిబెళ్ళే లెక్కలోకి తీసుకుంటారు. అయిదే కదా అనిపిస్తుంది. కానీ పైన చెప్పిన కిలోమీటరు వలయం దాంతో సుమారు 460 మీటర్లకు దిగుతుంది. విస్తీర్ణం అయిదో వంతుకు దగ్గరగా వస్తుంది. 460 మీటర్లలో ఈదే జంతువును కంటితో పట్టుకోవచ్చు.

తెర పని చేయకపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. అడుగు ఎగుడుదిగుడుగా ఉండి రింగు ఒక పక్క నేలకు ఆనకుండా తేలుతుంది, ఆ సందులోంచి శబ్దం బయటికి పోతుంది. రింగు చుట్టూ పూర్తిగా బురదకు ఆనాలి, కింద రాయో దుంగో ఉండకూడదు. చిల్లుల్లో ఒండ్రు చేరి మూసుకుపోతాయి. గాలి ఒకే చోటునుంచి పోస్తే రింగు అవతలి చివరకు ఒత్తిడి అందదు. అందుకే రెండు వైపులా హోస్‌లు పెట్టి, గాలి ప్రవాహం కొలిచే మీటర్లు బిగించాలి. కంప్రెసర్ నూనె లేని రకం కావాలి, లేకపోతే నీటి మీద నూనె తెట్టు కడుతుంది. ప్రవాహం సెకనుకు అర మీటరు దాటితే బుడగలు పక్కకు కొట్టుకుపోతాయి. అప్పుడు పైల్ చుట్టూ తొడుగు దింపి, గాలిని ఆ తొడుగు లోపల వదలాలి. వాలుగా దింపే పైల్‌కు నిటారు రింగు సరిపోదు. ఇవన్నీ సరిగ్గా చేసినా పైల్ కొన నుంచి మట్టిలోకి దిగిన శబ్దం తెర అవతల మళ్ళీ నీటిలోకి లేస్తుంది. అందుకే తెర ఉందని కాపలా మానకూడదు. హ్యామర్ ఎత్తకముందే గాలి వదిలి పై నుంచి చూడండి: బుడగల వలయం నలువైపులా తెగకుండా కనబడాలి. ఒక పక్క నీళ్ళు నున్నగా ఉన్నాయంటే అక్కడ తెర లేదు.

కాంక్రీట్ పైల్స్‌కు తల మీద పెట్టే కుషన్ కూడా శబ్దం తగ్గిస్తుంది. చెక్క దిమ్మ మెత్తగా పని చేస్తుంది, కానీ నలిగిపోతుంది, వేడికి అంటుకుంటుంది కూడా. మార్చడానికి విడి దిమ్మలు బార్జ్ మీదే ఉంచుకోవాలి.

మెల్లగా మొదలుపెట్టడం దాదాపు అన్ని నిబంధనల్లోనూ ఉంది. అమెరికా పద్ధతి: తగ్గించిన శక్తితో మూడు దెబ్బలు, 30 సెకన్లు ఆగడం, ఇలా మొత్తం మూడు విడతలు. 30 నిమిషాలు లేదా అంతకు మించి పని ఆగితే మళ్ళీ మొదటినుంచి. బ్రిటన్‌లో జేఎన్‌సీసీ (ప్రకృతి పరిరక్షణపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంస్థ) 2010 మార్గదర్శకాలు కనీసం 20 నిమిషాల పాటు మెల్లగా పెంచుకుంటూ పోవాలంటాయి, మొదలుపెట్టే ముందు 30 నిమిషాలు కనీసం 500 మీటర్ల వలయాన్ని చూడాలంటాయి. డీజిల్ హ్యామర్‌కు శక్తి తగ్గించి కొట్టడం సరిగా రాదు. హైడ్రాలిక్ హ్యామర్ దీనికి చాలా నయం. ఒక సంగతి మరవకూడదు: ఇది హెచ్చరిక మాత్రమే. ఆకలితో ఉన్న సీల్ చేపల గుంపును వదలదు, చంటిపిల్ల ఉన్న తల్లి వేగంగా వెళ్ళలేదు. తరిమే శబ్ద పరికరాలూ కొద్ది నిమిషాలకే మేలు చేస్తాయి. గంటలకొద్దీ మోగిస్తే అవే చెదరగొట్టే శబ్దమవుతాయి.

పరిశీలకుడి పని విషయంలో రాజీ పడకండి. అతనికి వేరే ఏ డ్యూటీ ఉండకూడదు. వరసగా నాలుగు గంటలకు మించి కాపలా వద్దు, ఆ తర్వాత కనీసం గంట విరామం. నిలబడే చోటు ఎత్తుగా, ఎండ నీటి మీద తళతళలాడి కళ్ళు కప్పేయని దిక్కున ఉండాలి. ఒక్క చోటునుంచి బార్జ్ వెనక కనబడదు కాబట్టి రెండో చోటు కావాలి. లేజర్ దూరమాపకం ఖాళీ నీటి మీద పని చేయదు. ముందే తెలిసిన దూరాల్లో బోయాలు వదిలితే అంచనా తప్పదు. పోర్పాయిస్ వీపు నీటి మీద క్షణం కనబడి మాయమవుతుంది. అలల తలల మీద తెల్ల నురగ మొదలైందంటే దాన్ని చూడటం దాదాపు అసాధ్యం. పొగమంచులో, చీకట్లో కొత్త పైల్ మొదలుపెట్టకూడదు. హైడ్రోఫోన్‌తో (నీటి కింది మైకు) వినడం సాయమే, కానీ మౌనంగా ఈదే సీల్ దానికి దొరకదు.

జంతువు వలయంలోకి వస్తే హ్యామర్ ఆగాలి. అది బయటికి పోవడం కళ్ళారా చూసేదాకా, లేదా చిన్న డాల్ఫిన్లు, సీల్స్ అయితే 15 నిమిషాలు, పెద్ద తిమింగలాలైతే 30 నిమిషాలు మళ్ళీ కనబడకుండా ఉండేదాకా మొదలవకూడదు. కాగితం మీద ఇది తేలిక. సైట్లో చిక్కు ఏమిటంటే, బంకమట్టిలో సగం దిగిన పైల్‌ను ఆపితే మట్టి చుట్టూ బిగుసుకుంటుంది, మళ్ళీ కదిలించడానికి ఎన్నో దెబ్బలు అదనంగా పడతాయి. ఆపరేటర్ వెనకాడేది అందుకే. ఆ భయం నిజమైనదే, కాబట్టి దాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి: ఎక్కడ ఆపితే పైల్ నిలబడుతుంది, ఎంతసేపు ఆగొచ్చు, మళ్ళీ లేపడానికి హ్యామర్ సామర్థ్యం చాలుతుందా అన్నది పని మొదలవకముందే ఇంజనీరు రాసి ఇవ్వాలి. పరిశీలకుడి వాకీటాకీ నేరుగా క్రేన్ ఆపరేటర్‌కు అందాలి. ఆపమన్న మాట సూపర్‌వైజర్ మీదుగా వెళ్తే, అది చేరేలోపు ఇంకో ఇరవై దెబ్బలు పడతాయి.

ఏ కాలంలో పని పెట్టుకోవాలన్నది అన్నిటికంటే పెద్ద నిర్ణయం. ఈనే కాలం, సీల్స్ బొచ్చు రాల్చే కాలం, మేత చేపలు వచ్చే కాలం తప్పించాలి. అలాస్కాలో యాంకరేజ్ రేవు పక్కన ఉన్న కుక్ ఇన్‌లెట్ బెలూగాలు (తెల్ల తిమింగలాలు) సాల్మన్ చేపల వెంట లోపలికి వస్తాయి. 2008లో వాటిని అంతరించే ముప్పున్న జాతిగా ప్రకటించారు. 2022 గణన ప్రకారం మిగిలినవి సుమారు 331. అంత చిన్న గుంపుకు ఒక్క వేసవి మేత చెడినా భరించలేని నష్టం.

శబ్దం కాని అపాయాలూ ఉన్నాయి. బురద చుట్టూ పాకకుండా నీటిలో కట్టే తెరలో జంతువు చిక్కుకుంటుంది, కాబట్టి వదులు తాళ్ళు, వల గుడ్డ వద్దు. ఫ్లోరిడాలో మానటీల (గడ్డి మేసే పెద్ద నీటి జంతువులు) కోసం ఉన్న షరతులు ఇలాంటి పనులకు మంచి నమూనా: పడవ అడుగుకూ నేలకూ మధ్య నాలుగు అడుగుల కంటే తక్కువ ఉన్నచోట అల లేవని వేగమే. మానటీ 50 అడుగుల లోపలికి వస్తే నీటిలో పనులన్నీ ఆగాలి, తరమకూడదు. గట్టు మీద సేదతీరే సీల్స్ ఉంటే గాలిలో శబ్దమూ లెక్కే. మనుషులు ఉన్నట్టుండి ఎదురుపడితే గుంపు ఒక్కసారిగా నీటిలో దూకుతుంది, ఆ తొక్కిసలాటలో పిల్లలు నలుగుతాయి, తల్లికి దూరమవుతాయి.

లాగ్ పుస్తకంలో జంతువు కనబడిన సమయం, జాతి, సంఖ్య, దూరం, దిక్కు, అప్పుడు హ్యామర్ నడుస్తోందా లేదా, సముద్రం స్థితి రాయాలి. ఏమీ కనబడని గంటలు కూడా రాయాలి, అప్పుడు చూపు ఎంత దూరం ఆనిందో దాని పక్కనే. మంచులో ఏమీ కనబడలేదన్న మాటను అక్కడ ఏవీ లేవన్న లెక్కగా వాడకూడదు.

మొదటి కొన్ని పైల్స్‌కు హైడ్రోఫోన్ దించి 10 మీటర్ల దగ్గర, ఇంకా దూరంలో మరోచోట కొలవండి. బుడగల తెర ఆన్‌లో ఒకసారి, అనుమతి ఉంటే ఆఫ్‌లో కొద్దిసేపు. అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే ఆ రోజే వలయం పెంచి పరిశీలకుల్ని కొత్త దూరాలకు మార్చాలి. తక్కువ వస్తే కొలతలు జతచేసి, వలయం తగ్గించమని అనుమతి ఇచ్చిన సంస్థను అడగాలి. జవాబు వచ్చేదాకా పాత వలయమే అమల్లో ఉంటుంది.