జానెడు ప్లాస్టిక్, మూడంతస్తుల యంత్రం

ఇంపీరియల్ నైట్ పూర్తయింది. బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట వార్‌హ్యామర్ 40,000 ఆడేవాళ్లకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రెండు మాటలు: గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు 2014లో మొదట తెచ్చిన ప్లాస్టిక్ కిట్ ఇది. ఒక్క మనిషి లోపల కూర్చుని నడిపే రెండు కాళ్ల యుద్ధయంత్రం. కథలో మూడంతస్తుల మేడంత ఉంటుంది, బల్ల మీద జానెడు. ఈ కిట్‌లో అసలు పనంతా ఆ రెండు కొలతల మధ్యే ఉందని నా నమ్మకం. చూసేవాళ్లకు చేతిలో ఇమిడే బొమ్మలా కనిపించకూడదు, తల ఎత్తి చూడాల్సినదేదో ఎదురుగా నిలబడినట్టుండాలి. చిన్న సైనికుల బొమ్మలు వేసి వేసి అలవాటైన చేతికి ఇది కొత్త సంగతి.

మొదలు కాళ్లతోనే. నడుము, చేతులు, తల ఎటు కావాలంటే అటు తిప్పి పెట్టుకోవచ్చు గానీ కాళ్ల భంగిమ మాత్రం కిట్‌లో ఒక్కటే. అలా వదిలేసినా బాగానే ఉంటుంది. నాకు మాత్రం అది అడుగు వేస్తూ కనిపించాలి. అందుకని ఒక కాలిని చీలమండ దగ్గర, మోకాలి దగ్గర సన్నటి రంపంతో కోసి, లోపల ఇత్తడి తీగ గుచ్చి కొత్త కోణంలో నిలబెట్టాను. అప్పుడు కాలి వెనకున్న పిస్టన్లు అందవు. ఇక్కడ నిజం పిస్టన్ ఎలా పనిచేస్తుందో తలుచుకోవాలి: కాలు ముడిచినప్పుడు లావు గొట్టం పొడవు మారదు, లోపలి రాడ్ మాత్రమే బయటికి వస్తుంది లేదా లోపలికి పోతుంది. కాబట్టి గొట్టాల జోలికి వెళ్లకుండా, రాడ్ల బదులు ప్లాస్టిక్ రాడ్ కావలసినంత పొడవు కోసి పెట్టాను. చూసేవాళ్లెవరూ దీన్ని కొలవరు. కానీ గొట్టం సాగినట్టు ఉంటే కాలు లోహంలా అనిపించదు, కారణం తెలియకపోయినా తేడా పట్టేస్తారు.

చేతుల సంగతి తమ్ముడు తేల్చాడు. మా ఇద్దరిలో ఆడేది వాడు, రంగులేసేది నేను.

“అక్కా, ఈసారి ఒక చేతికి రంపం కావాలి, ఇంకోసారి రెండు చేతులకీ తుపాకులే కావాలి. అతికించేస్తే ఎలా?” అన్నాడు.

వాడు అడిగింది న్యాయమే. చేతుల్లో ఏ ఆయుధం ఉందన్నదాన్ని బట్టి నైట్ రకం పేరు మారుతుంది. బ్యాటిల్ కానన్ అనే ఫిరంగి, రంపపు కత్తి ఉంటే పాలడిన్. ఆ ఫిరంగి బదులు వేడి చిమ్మే థర్మల్ కానన్ ఉంటే ఎరెంట్. రెండు చేతులకీ తుపాకులైతే క్రూసేడర్. ఒళ్లు అదే, చేతులే మారతాయి. 2015లో వచ్చిన పెట్టెలో ఇవన్నీ ఉంటాయి, నాది అదే. భుజాల్లో 5 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న నియోడైమియం అయస్కాంతాలు దింపాను. దింపే ముందు ప్రతిదాని మీదా ఒకే ముఖానికి మార్కర్‌తో చుక్క పెట్టుకోవాలి, లేకపోతే చేయి భుజాన్ని అంటుకోకుండా తోసేస్తుంది. వీటికి సూపర్ గ్లూనే వాడాలి. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు కిట్ ప్లాస్టిక్‌ను (పాలీస్టైరిన్‌ను) కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది, లోహం మీద దానికి పని లేదు. రంగు మీద కూడా సరిగా పట్టదు, అందుకే రంగులేశాక అతికించాల్సిన చోట్ల రంగు గీకి ప్లాస్టిక్ బయటపెట్టాలి.

కవచపు రేకుల్ని చివరిదాకా విడిగానే ఉంచాను. లోపలి అస్థిపంజరానికి నల్ల ప్రైమర్, దానిపై లెడ్‌బెల్చర్ అనే లోహపు రంగు, ఆపైన సందుల్లోకి దిగే పలచటి నల్ల పూత, నల్న్ ఆయిల్ వాష్. కీళ్లలో మాత్రం అలాంటిదే గోధుమ రంగు పూత అగ్రాక్స్ ఎర్త్‌షేడ్, పాత గ్రీజు పేరుకున్నట్టు. కవచం తొడిగాక ఇందులో సగం కనపడదు. అయినా ఆ పని నాకు చాలా ఇష్టం. సందుల్లోంచి లోహం తొంగిచూసినప్పుడే ఆ రేకుల వెనక ఇంకా ఎంతో యంత్రం ఉందనిపిస్తుంది.

కథలో ఒక్కో నైట్ వంశానికి తనదైన రంగులుంటాయి. ఏ వంశానికీ చెందని నైట్‌లను ఫ్రీబ్లేడ్‌లు అంటారు. నాది అలాంటిదే కాబట్టి రంగుల్లో స్వేచ్ఛ దొరికింది: నెమలికంఠం రంగు, అంచులకు మాసిన ఇత్తడి, ఒక భుజానికి మాత్రం గంధం రంగు. ఇంత వెడల్పు రేకుల మీద బ్రష్ గీత కనిపించిందంటే కొలత మొత్తం చెడుతుంది, అందుకే గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్. రంగును పాలంత పలచన చేసి, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడితో, పైఅంచు వైపు లేతగా, కిందికి ముదురుగా.

ఇక గీతలు, పెచ్చులు. నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది వీటి గురించే. ఈ ఆటలో మనిషి బొమ్మలు ఉజ్జాయింపుగా అరవయ్యో వంతు కొలతలో ఉంటాయి. అంటే బొమ్మ మీద 1 మి.మీ. నిజంలో 6 సెంటీమీటర్లు. స్పాంజి ముక్కతో ఆదమరిచి అద్దితే 3 మి.మీ. మచ్చ పడుతుంది. అది నిజంలో జానెడు రంగు ఊడినట్టు! ఒకటీ అరా అలా ఉండొచ్చు, ఒళ్లంతా ఉంటే యంత్రం ఒక్కసారిగా చిన్నదైపోతుంది. నేను స్పాంజిని ముందు కాగితం మీద దాదాపు ఆరిపోయేదాకా అద్ది, అప్పుడు అంచుల మీద తాకించాను. ముదురు గోధుమ రంగు చుక్కలు, చాలావరకు సూదిమొన పాటివే. వాటిలో కాస్త పెద్దవాటికి మాత్రం కింది అంచున లేత నీలం గీత, వెంట్రుకంత. వెలుతురు పైనుంచి పడుతుంది కాబట్టి పెచ్చు లేచిన రంగు మందం కింది అంచునే మెరుస్తుంది. ఆ ఒక్క గీతతో చుక్క గుంటగా మారుతుంది. రాతల స్టిక్కర్లు మెరిసే (గ్లాసీ) వార్నిష్ మీద వేసి, వాటి మీద కూడా ఇవే పెచ్చులు లేపాను. కవచం దెబ్బతిని దానిపై రాత కొత్తగా మెరుస్తుంటే నాకు నచ్చదు.

థర్మల్ కానన్ మూతిని ఎంతసేపు చూసినా తనివి తీరడం లేదు. ఉక్కు వేడెక్కితే రంగులు ఒక వరుసలో వస్తాయి: తక్కువ వేడికి ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలం. అంటే తుపాకీ మూతి దగ్గర నీలం, వెనక్కి వచ్చేకొద్దీ ఊదా, చివర్లో ఎండుగడ్డి రంగు. చాలామంది దీన్ని తిరగేసి వేస్తారు. నేను నీళ్లలా పలచన చేసిన రంగుల్ని పొర మీద పొరగా, ఒక్కో పొర పూర్తిగా ఆరాక, ఒకదాని అంచు ఇంకోదానిలోకి పాకేలా వేశాను. మూతి కొసకు మాత్రం నల్ల పొడి, మసి కోసం.

బొమ్మ నిలబడే పీఠం, అంటే బేస్, 170 మి.మీ. కోడిగుడ్డు ఆకారం. ఎంత ఖాళీ ఉన్నా శిథిలాలతో నింపేయాలనిపిస్తుంది, నేను నింపలేదు. ఎత్తిన పాదం కింద ఒకే ఒక్క గోడ, దానికి 33 మి.మీ. ద్వారబంధం. నిజంలో రెండు మీటర్ల తలుపు. దాని పక్కన నైట్ మోకాలిని చూస్తే ఇక కొలత గురించి ఎవరికీ చెప్పే పని లేదు.

గుండ్రంగా తిరిగే చాలా గొట్టాల తుపాకీ, గాట్లింగ్ ఉన్న చేయి ఇంకా ప్రైమర్ దగ్గరే ఉంది. దానికి ఈ వేడి రంగులు వేయను. గొట్టాలు వంతులవారీగా పేలుస్తాయి కాబట్టి ఒక్కోటి చల్లారడానికి కాస్త సమయం దొరుకుతుంది, కొసల్లో మసి చాలు. తమ్ముడు నీలం కావాలంటున్నాడు. థర్మల్ కానన్ పక్కన అది పెట్టి చూపించాక ఒప్పుకుంటాడనుకుంటున్నా.